కడలి చెంతనే ఉన్నాం... కథ మాత్రం తెలియదు

శాలిహుండం - కళింగపట్నంలో ఏటా ఒక్కరోజు ఉచిత సముద్ర పండుగ జరిపితే?

నరసన్నపేట, (మా విలేఖరి): "ఏటి బాబూ, ఈ ఇనప సేప కడుపులోన డబ్బై మంది ఎలాగ తొంగున్నారు?"

విశాఖపట్నం ఆర్.కె. బీచిలో ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం మెట్లు దిగుతూ ఓ ముసలి మత్స్యకారుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయనది కళింగపట్నం దరి ఓ తీరగ్రామం. ఏభై ఏళ్లు తెప్పల మీదా, బోట్ల మీదా గడిపిన మనిషి. సెలవుల్లో మనవడికి వైజాగ్ చూపించాలని ఈ విలేఖరి కుటుంబంతో కలిసి బయలుదేరాడు. తెల్లారకముందే నరసన్నపేటలో బస్సెక్కితే ఎండెక్కే వేళకు బీచికి చేరాం. టిక్కెట్ల వరుసలో నిలబడి, వంగి వంగి ఆ ఇనుప గదులన్నీ దాటి బయటపడ్డాం.

కురుసుర సామాన్యమైన ఓడ కాదు. రష్యావారు కట్టిచ్చిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. పొడవు 91 మీటర్ల పైమాటే. 1971 యుద్ధంలో కాపలా కాసింది. ముప్పై ఒక్క ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. ఇసుక మీదికి లాగి, మ్యూజియంగా మార్చి 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. లోపల వివరాలు చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే. అందుకే వారు చెబుతుంటే చదివి చెప్పినట్టుండదు, అనుభవించి చెప్పినట్టుంటుంది.

బయటకొచ్చాక పిల్లలు నీళ్లలోకి పరుగెత్తబోయారు. తాత ఒక్క కేక వేశాడు. "అక్కడ కాదు, ఇటు రండి. ఆ నున్నగా ఉన్న సోటు సూసినారా? రెండు పక్కలా అల ఇరుగుతాంది, మద్దెలోన ఇరగట్లేదు. అక్కడ నీరు లోపలికి లాగుతాది." పిల్లలు ఆగిపోయారు. పక్కనున్న నాలుగు కుటుంబాలవారూ దగ్గరికొచ్చి విన్నారు. గాలి ఎటు తిరిగింది, దూరాన కనబడే పడవ ఎందుకు అలా అడ్డంగా నిలబడింది, పక్షులు గుంపుగా వాలితే దాని కింద ఏముంటుంది - అరగంట సేపు చెప్పాడు. అప్పుడు చేతిలోని టిక్కెట్టు ముక్క చూసి నవ్వాడు. "లోపల సూడ్డానికి డబ్బులిచ్చినాం. ఇది ఊరకే."

తిరుగు ప్రయాణంలో ఆ మాటే మనసులో మెదిలింది. వంద కిలోమీటర్లు పైచిలుకు వెళ్లి మన పక్క ఊరి మనిషి నోట సముద్రం గురించి విన్నాం. అదేదో మన తీరంలోనే, ఏడాదికి ఒక్కరోజైనా, పైసా ఖర్చు లేకుండా పిల్లాపాపలందరూ వినేలా ఎందుకు జరపకూడదు?

రేడియోలో వినడమే తప్ప...

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అయినా హైవేకి ఇవతల ఉన్న మన పల్లెల్లో సముద్రం అంటే కార్తీకమాసం పిక్నిక్, సంతలో చేపల గంప, తుపాను నాడు రేడియో. ఈ మూడే.

"కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మూడో నంబరు అంటే ఏమిటని పిల్లవాడు అడిగితే ఎంతమంది తండ్రులు చెప్పగలరు? ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో వాయుగుండం లేచిందని. రెండంటే అది తుపానుగా మారిందని. మూడంటే ఈ రేవుకే ఈదురుగాలుల బెడద ఉందని. నాలుగంటే తుపాను ఈ రేవు మీదికి రావచ్చునని. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు పెనుప్రమాదం. పదకొండంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పెద్ద చదువులేమీ అవసరం లేదు, పావుగంటలో నేర్చుకోవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన జిల్లా మనది. ఈ అంకెలు మనకు ఎక్కాల్లా నోటికి రావాలి.

మరొకటి చెప్పక తప్పదు. పిక్నిక్‌కు వెళ్లిన కుర్రాళ్లు అలల్లో కొట్టుకుపోయారన్న వార్త ఈ విలేఖరి ఒక్కసారి కాదు, చాలాసార్లు రాశాడు. రాసిన ప్రతిసారీ కన్నవారి ఏడుపు చూశాడు. ఆ కుర్రాళ్లలో చాలామంది చెరువుల్లో ఈత నేర్చినవారే. చెరువు ఈత వేరు, సముద్రం వేరు. లోపలికి లాగే నీటికి ఎదురీదితే ఎంతటి వస్తాదైనా అలసిపోతాడు. గట్టుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు అసలు దిగకూడదు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మరీ ప్రమాదం. కళింగపట్నం వద్ద వంశధార కలిసేది అలాంటి చోటే. తాత మన పిల్లలకు చెప్పిన ఆ నాలుగు మాటలు ముందే విని ఉంటే కొన్ని ఇళ్లలో దీపాలు ఆరేవి కావు.

మనకూ ఓ మ్యూజియం ఉంది

మ్యూజియం అనగానే వైజాగ్ వైపు చూడనక్కరలేదు. మడపాం వంతెన దాటి గార మండలంలోకి వెళితే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. 1919లో దీని సంగతి లోకానికి తెలియజేసింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుకభాష కోసం పోరాడిన ఆ మహానుభావుడే ఈ కొండ మీది బౌద్ధ కట్టడాలను గుర్తించారు. తరువాత పురావస్తుశాఖ వారు పలు దఫాలు తవ్వకాలు జరిపారు. స్తూపాలు, చైత్యాలు, ధాతువుల పేటికలు బయటపడ్డాయి. తార, మారీచి మొదలైన విగ్రహాలను అక్కడే ఉన్న మ్యూజియంలో భద్రపరిచారు.

కొండెక్కి నిలబడితే కింద వంశధార మలుపు తిరుగుతూ సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. ఆ చివరన కళింగపట్నం, ఒకప్పటి ఓడరేవు. అక్కడి దీపస్తంభం దాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. ఈ తీరం నుంచే బౌద్ధం తూర్పు దీవులకు చేరిందని పెద్దలు చెప్పుకుంటారు. నదికి ఎగువన ఉన్న శ్రీముఖలింగం గాంగరాజులకు రాజధాని. కొండ మీద ఆరామం, నదిలో పడవ, మొగలో రేవు - ఈ మూడూ ఒకే కథలోని భాగాలు. మన పిల్లలు మాత్రం విగ్రహాన్ని విగ్రహంగా, బీచిని బీచిగా చూసి వచ్చేస్తున్నారు. రెంటినీ కలిపి చెప్పేవారు లేరు.

పొరుగున ఒడిశావారు ఈ జ్ఞాపకాన్ని పోగొట్టుకోలేదు. కార్తీక పౌర్ణమికి కటకంలో మహానది ఒడ్డున బాలియాత్ర జరుపుతారు. పూర్వం కళింగ వర్తకులు ఓడలెక్కి బాలి, జావా దీవులకు వెళ్లిన రోజులకు గుర్తుగా తెల్లవారుజామునే బుల్లి పడవల్లో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు. లక్షల జనం కుటుంబాలతో వస్తారు. అదే కటకంలో జోబ్రా వద్ద నౌకాయాన మ్యూజియం కూడా ఏర్పాటు చేసుకున్నారు. కళింగం అంటే వారిదెంతో మనదీ అంతే. వారికి జాతర ఉంది, మనకు లేదు.

జూన్ 8 ఎందుకు?

సముద్రానికి ప్రపంచమంతటా ఒక రోజు ఉంది. 1992లో రియో సదస్సులో ఆ ఆలోచన వచ్చింది. ఐక్యరాజ్యసమితి గుర్తించి 2009 నుంచి ఏటా జూన్ 8ని మహాసముద్రాల దినంగా పాటిస్తోంది. చాలా దేశాల్లో ఆ రోజుల్లో సముద్ర మ్యూజియాలు కుటుంబాలను పిలిచి ఆటలు, పాటలు, బొమ్మలతో సముద్రాన్ని పరిచయం చేస్తాయి.

ఎక్కడో నిర్ణయించిన తేదీయే అయినా మన జిల్లాకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. అంటే జూన్ 8న బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు ఇసుక మీదే ఉంటాయి. వేట లేని ఈ రోజులకు ఇచ్చే భృతిని 20 వేల రూపాయలకు పెంచి 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి పంపిణీ ప్రారంభించింది మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే.

వలస సంగతి కూడా చూడండి. మన తీరగ్రామాల నుంచి ఏటా ఎందరో గుజరాత్‌లోని వెరావల్ తదితర రేవులకు బోట్ల మీద పనికి వెళుతున్నారు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి నిషేధం మొదలవుతుంది కనుక వారు కూడా ఆ రోజులకు ఇళ్లకు చేరతారు. 2018లో అలా వెళ్లినవారే సరిహద్దు జలాల్లో పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద విడుదలై వచ్చారు. అంత పెద్ద సముద్రంలో గీత కనపడని సరిహద్దు ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనుషులు మన జిల్లాలోనే ఉన్నారు. మనం వారిని ఒక్క ప్రశ్నైనా అడగలేదు.

బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. కనుక పిల్లలకూ సెలవులే. రైతుకు అవి రోహిణి పోయి మృగశిర కార్తె వచ్చే రోజులు. చినుకు కోసం చూస్తూ కాస్త తీరికగా ఉంటాడు. మృగశిరకు చేపలు తినాలన్న ఆనవాయితీ ఎలాగూ ఉంది. రైతు ఇల్లూ, మత్స్యకారుని ఇల్లూ, బడిపిల్లలూ ఒకేసారి ఖాళీగా దొరికే రోజు ఏడాదిలో ఇంకొకటి లేదు.

పెద్ద ఖర్చు అక్కరలేదు

జూన్ ఎండలు తెలిసినవే. ఉదయం చల్లటి పూట కొండ మీద మ్యూజియం, సాయంత్రం నాలుగు దాటాక కళింగపట్నం తీరం అనుకుంటే సరి. ఆ రోజు రుసుము, పార్కింగు లాంటివేవీ లేకుండా చూడాలి. పండుగంటే గుమ్మం దగ్గర డబ్బులడగకూడదు.

తీరాన వేదికలు, షామియానాలు, వక్తలు వద్దు. నాలుగు బోట్లు, రెండు తెప్పలు, రకరకాల వలలు చాలు. కవళ్ల వల కన్ను ఎంత ఉంటుంది, వంజరం వల కన్ను ఎంత ఉంటుంది, చిన్న కన్ను వల వేస్తే పిల్లచేపలు పోయి మరుసటేడు ఎందుకు కరువొస్తుంది - వల చేతికిచ్చి చూపిస్తే చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ప్రమాద సూచికల జెండాలు, దీపాలు ఒక గుంజకు కట్టి చూపవచ్చు. శ్రీకూర్మంలో తాబేలు రూపాన దేవుణ్ణి కొలిచే జిల్లా మనది. ఆ గుడికి కూతవేటు దూరంలోని ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి పోతాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను ఎలా కాపాడుతున్నారో, వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక ఎలా చనిపోతుందో వారే వచ్చి చెప్పవచ్చు.

చెప్పేవారిని మాత్రం బయటి నుంచి తేనక్కరలేదు. కురుసురలో రిటైరైన నావికులు చెబుతున్నట్టే ఇక్కడ వేట మానేసిన తాతలు చెప్పాలి. వారికి ఆ రోజు కూలీ కట్టివ్వాలి. వల అల్లే ఆడవారికి, ఎండుచేపలు అమ్మే అవ్వలకు కూడా చోటుండాలి. వారికి తెలిసినది ఏ పుస్తకంలోనూ లేదు. కొడుకులు గుజరాత్ పోతే, మనవలు పట్నం పోతే అది వారితోనే ఆఖరవుతుంది.

పురావస్తు, పర్యాటక, మత్స్య, విద్యా శాఖలవారు ఒకచోట కూర్చుంటే గంటలో తేలే పని ఇది. ఆర్టీసీ వారు నరసన్నపేట, శ్రీకాకుళం నుంచి ఆ ఒక్కరోజు నాలుగు బస్సులు వేస్తే చాలు. గజ ఈతగాళ్లను, పోలీసులను తీరాన ఉంచడం తప్పనిసరి. పంచాయతీలు మంచినీళ్ల పని చూసుకోగలవు. మన పేటలో వర్తకులకు దానగుణం తక్కువేమీ కాదు, అడిగితే మజ్జిగ చలివేంద్రం పెట్టకపోరు.

అధికారులు కదిలేదాకా ఆగనక్కరలేదు కూడా. ఈసారి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని శాలిహుండం కొండెక్కండి. సాయంత్రం తీరానికి వెళ్లి, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. "తాతా, ఇక్కడ ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు?" అని పిల్లలచేత అడిగించండి. వైజాగ్‌లో ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం అరగంట నిలబడి చెప్పిన మనుషులు, సొంత తీరంలో అడిగితే చెప్పకుండా ఉంటారా?