ఎముకల సాక్ష్యం – బిల్లసర్గం గుహలు

పొలం దున్నేటప్పుడో, బావి తవ్వేటప్పుడో రాయిలా గట్టిపడిన ఎముక బయటపడితే రాక్షసులదని చెప్పుకుని అవతల పారవేయడం మన పల్లెల్లో ఉన్నదే. కాని అటువంటి ఎముకల ఆధారంగానే పూర్వం ఒక ప్రాంతంలో ఏ మృగాలు సంచరించాయో, అడవి ఉండేదో, గడ్డి మైదానం ఉండేదో శాస్త్రజ్ఞులు నిర్ధారిస్తారు. ఇందుకు చక్కని ఉదాహరణ నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపాన గల బిల్లసర్గం గుహలు.

ఇవి సున్నపురాతి గుహలు. మట్టిలో సున్నం ఉన్నచోట ఎముక త్వరగా శిథిలం కాదు. మాంసాహార మృగాలు ఈడ్చుకొచ్చినవి, ముళ్లపందులు కొరకడానికి తెచ్చుకున్నవి, వరద నీటికి కొట్టుకొచ్చినవి పొరలు పొరలుగా మట్టిలో కప్పబడి నిలిచిపోతాయి.

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల ఎముకలను గురించి లోకానికి తెలిపాడు. 1880వ దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. లభించిన ఎముకలను పరిశీలించిన లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టాడు. నేడు ఖడ్గమృగాన్ని చూడాలంటే అస్సాం వంటి దూర ప్రాంతాలకు పోవలసిందే.

ఎముక ఎవరిదో తేల్చడానికి పన్ను ముఖ్యాధారం. గరుకు గడ్డి మేసే జంతువుకు పొడవైన పళ్లు, లేత ఆకులు తినేదానికి పొట్టి పళ్లు ఉంటాయి. కనుక పళ్లను బట్టి మేత, మేతను బట్టి నాటి వృక్షసంపద తెలుస్తాయి. ఎముక దొరికిన మట్టి పొరను బట్టి కాలం తెలుస్తుంది.

ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్ సభ్యుడుగా ఉన్న పరిశోధక బృందం ఈ గుహలను తిరిగి పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాల నుండి నేటి వరకు కొనసాగాయి. వాటిలో అధికభాగం రెండు లక్షల ఏళ్ల నాటి నుండే ఉన్నాయి. నేడు ఇథియోపియాలో మిగిలిన గెలాడా కోతి వర్గానికి చెందినది మాత్రమే మన దేశం నుండి అదృశ్యమైంది. కొన్ని జంతువులు తావు మార్చుకుని బ్రతికాయి. అడవి, గడ్డినేల, నీటివనరులు ఒకదానితో ఒకటి కలిసి ఉండటమే వాటిని కాపాడిందని ఆ బృందం అభిప్రాయం.

కరువులను, వాతావరణ మార్పులను తట్టుకున్న ఆ జీవరాశికి ఇక ముందు పోవడానికి దారులు మిగులుతాయా అన్నదే ప్రశ్న. అడవికీ అడవికీ మధ్య దారి తెగితే తావు మార్చుకునే అవకాశమే ఉండదు.

ఈ విషయంలో గ్రామస్థులు చేయగల మేలు కూడా ఉంది. పొర నుండి పెకలించిన ఎముక తన కాలాన్ని చెప్పలేదు. అది సంతకం లేని పత్రం వంటిది. కావున పాత ఎముక కనిపిస్తే కదిలించక, ఆ చోటును గుర్తుపెట్టి, తహసీల్దారుకు గాని పురావస్తు శాఖకు గాని తెలియజేయాలి.