రైలు గడియారములు: అసలు కేసు ఏది?

రేడియోలో వార్తలకు ముందు వచ్చు కాలసూచికను విని గోడ గడియారమును సరిచేసికొనుట మన ఇండ్లలో చిరకాలము నిత్యకృత్యముగా నుండెను. ఒక నిమిషము అటునిటైనను మనకు కలుగు నష్టము స్వల్పము. కాని ఒకే పట్టాలదారిపై రెండు రైళ్ళు ఎదురెదురుగా నడచుచోట నిమిషము విలువ ప్రాణముల విలువ. అట్టి పనికై అమెరికాలో తయారైన జేబు గడియారములను నేడు పలువురు ముచ్చటపడి సేకరించుచున్నారు. కొనబోవువారికి ఎదురగు ప్రశ్న ఒకటి కలదు: లోపలి యంత్రము సరే, పైని కేసు కూడ అసలుదేనా?

ముందుగా ఈ గడియారముల పుట్టుక తెలియవలెను. 1891 ఏప్రిలులో ఓహాయో రాష్ట్రమందలి కిప్టన్ వద్ద తపాలా రైలును ప్రయాణికుల రైలును ఢీకొనెను. పలువురు మరణించిరి. ఒక ఉద్యోగి గడియారము నాలుగు నిమిషములు ఆగి మరల నడచెననియు, అతడు దానిని గమనింపలేదనియు చెప్పుదురు. పిమ్మట ఆ రైలు కంపెనీవారు క్లీవ్‌లండు నగరపు నగల వర్తకుడగు వెబ్ బాల్‌కు తమ ఉద్యోగుల గడియారముల తనిఖీని అప్పగించిరి. రానురాను కఠిన నియమములు స్థిరపడెను. కేసునకు ముందు మూత ఉండరాదు. తెల్లని ముఖముపై నల్లని పెద్ద అంకెలుండవలెను. యంత్రమున కనీసము 17 రాళ్ళుండవలెను. వారమునకు 30 సెకనులకు మించి తేడా రారాదు. కీ ఇచ్చునపుడు ముళ్ళు పొరపాటున కదలకుండుటకై మరియొక ఏర్పాటు చేసిరి. ముందరి అద్దపు చట్రమును విప్పి, చిన్న మీటను లాగినగాని వేళ మార్చుటకు వీలుండదు. వాల్తం, ఎల్జిన్, హామిల్టన్, ఇల్లినాయి కంపెనీలు ఇట్టివానిని చేసి పేరుపొందెను.

ఇక కేసు సంగతి. 1920 తరువాత కొన్ని ఏండ్ల వరకు ఈ కంపెనీలు చాలవరకు యంత్రమును మాత్రమే అమ్మెడివి. కేసులు చేయు కంపెనీలు వేరు. కొనువాడు అంగడిలో తనకు నచ్చిన యంత్రము నొకదానిని, తన స్తోమతకు తగిన కేసు నొకదానిని ఎన్నుకొనగా, వర్తకుడు రెంటిని కూర్చి ఇచ్చెడివాడు. కొలతలు నియతమైనవి గనుక 16వ సైజు యంత్రము ఎవరు చేసిన 16వ సైజు కేసులోనైనను సాధారణముగా అమరును. కేసుపైని సంఖ్య కేసు చేసినవారిది. యంత్రముపైని సంఖ్యతో అది కలియనక్కరలేదు. క్రొత్తవారు ఈ తేడాను చూచి మోసమని శంకింతురు. ఆ శంక నిరాధారము.

కావున “ఇదియే అసలు కేసు” అని నిరూపించుట తరచుగా అసాధ్యము. కాని “ఇది అసలుది కాదు” అని నిరూపించుట పలుమారులు సాధ్యము. పరీక్ష అంతయు ఈ రెండవ మార్గముననే సాగవలెను.

వెనుక మూత తీసి భూతద్దముతో చూడుడు. యంత్రమును బిగించు మరమేకుల తలలు కేసు అంచుపై ఒరసి గీట్లు పడును. మేకులు లేనిచోట కూడ పాత గీట్లున్నచో, ఆ కేసులో పూర్వము వేరొక యంత్రము ఉండెనని దాదాపు రూఢి. మీట వచ్చుచోట కేసు అంచున సన్నని గాడి ఉండవలెను. ఆ గాడి ఆకురాయితో మొరటుగా అరగదీసినట్లున్నచో అనుమానింపవలెను. కీ ఇచ్చు మొన 12 వద్దగాక 3 వద్ద ఉన్నచో, మూత గల కేసునకై చేసిన యంత్రమును మూతలేని దానిలో పెట్టిరని సాధారణముగా గ్రహింపవచ్చును. బంగారు రేకు తాపిన కేసులలో 20 ఏండ్లు, 25 ఏండ్లు మన్నునని హామీ ముద్రించెడివారు. 1924 ప్రాంతమున ఆ ఆచారమును మాన్పించిరి. హామిల్టన్ 992బి యంత్రము 1940లో వెలువడినది. అది అట్టి హామీ గల కేసులో కనబడినచో ఆ జత తరువాత కూర్చినదే.

కేసు మారుటయే దోషము కాదు. పనిలో అరిగిన కేసును రైలు ఉద్యోగియే మార్చుకొని యుండవచ్చును. బంగారము ధర పెరిగినప్పుడెల్ల, ముఖ్యముగా 1980లో, ఎన్నో కేసులు మూసలో కరిగిపోయెను. దిక్కులేని యంత్రములు వేరు కేసులలో తలదాచుకొనెను. అట్టి గడియారమును తక్కువగా చూడనక్కరలేదు. నిన్నటి జతను నూరేండ్ల జతయని చెప్పి అధిక ధర గుంజుటయే దోషము.

మా సలహా ఇది. కాలమునకు తగిన కేసు, అదనపు గీట్లు లేని అంచు, రెంటికిని సమానమైన అరుగుదల ఉన్నచో తృప్తిపడుడు. మీరే కేసు మార్చినచో ఆ సంగతి కాగితముపై వ్రాసి గడియారముతోపాటు ఉంచుడు. మూత లోపల బాగుచేసినవారు గీచిన సన్నని గుర్తులుండును. మెరుగు పెట్టించి వానిని చెరపకుడు. ఆ గడియారము ఎన్నిమారులు బాగుపడి మరల పనిలోకి పోయినదో చెప్పగల సాక్ష్యము అదియే.