పంటు మీద సైకిలు: సెలవులో మూడు దీవులు

సెలవు మంజూరైందంటే మన అహ్మది కుటుంబాలన్నిటిలోనూ జరిగే మొదటి పని జాబితా రాసుకోవడం. ముప్పై రోజుల్లో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని గృహప్రవేశాలు, తిరుపతి ఎప్పుడు, బ్యాంకు పని ఎప్పుడు, ఏ పిన్నిగారింటికి వెళ్ళకపోతే మాటపడాలి! టాక్సీ మాట్లాడుకుని ఊరూరా తిరిగి మళ్ళీ విమానం ఎక్కేసరికి, స్వదేశం చూశామన్న తృప్తి కంటే పని ముగిసిందన్న అలసటే మిగులుతుంది. ఈసారి జనవరి సెలవులో నాలుగు రోజులు విడిగా తీసి పెట్టుకుని, ఒక సైకిలుతోనూ, పల్లెవెలుగు బస్సులతోనూ, గోదావరి మీది పంటుతోనూ మూడు దీవులు దాటి వచ్చాం. ఆ విశేషాలు సభ్యుల ముందు పెడుతున్నాం.

దీవుల మీదికి మనసు మళ్ళడానికి కారణం మన ఫైలకాయే. కువైట్‌కు తొమ్మిది దీవులున్నాయి. వాటిలో చాలాకాలం జనం కాపురమున్న ఊరు ఉన్నది ఫైలకాలో. తీరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. అలెగ్జాండరు ఈ దీవికి ఇకారోస్ అని పేరు పెట్టించాడని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. ఏథెన్సు పౌరుడు సోటెలీసు, అతని సైనికులు దేవతలకు మొక్కు తీర్చుకుంటూ చెక్కించిన రాయి 1937లో అక్కడే దొరికింది. 1958లో డెన్మార్కు పండితులు తవ్వకాలు మొదలుపెట్టి, అంతకంటే పాతదైన దిల్మున్ నాగరికత ముద్రలను వెలికితీశారు. ఇంత చరిత్ర ఉన్న ఊరు 1990లో ఇరాకు దండయాత్రతో ఖాళీ అయింది. విముక్తి తరువాత కూడా పాత కాపురాలు మళ్ళీ నిలదొక్కుకోలేదు. తూటాల దెబ్బలు తిన్న గోడలు చూసి వచ్చిన రోజు మా పిల్లలు అడిగారు, "మనుషులున్న దీవి మన వైపు లేదా?" అని. ఎందుకు లేదు! కోనసీమ ఉంది కదా.

కోనసీమ పచ్చదనం అందరికీ తెలుసు. అది దీవుల సముదాయమన్న సంగతి మాత్రం కారులో వెళ్ళేవారికి తోచదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయం చీలుతుంది. వశిష్ఠకూ వైనతేయానికీ మధ్యది రాజోలు దీవి. వైనతేయం దాటితే అమలాపురం వైపు నేల. అన్నంపల్లి దగ్గర వృద్ధ గౌతమి దాటితే ఐ. పోలవరం. ఆ పేరులోని 'ఐ' ఇంటిపేరు కాదు, ఐలాండు అన్న మాటకు పొట్టిరూపం! ఈ సీమ 2022 ఏప్రిల్ నుంచి ప్రత్యేక జిల్లా, అమలాపురం దాని ముఖ్య పట్టణం.

సైకిలు కథ ఇదీ. నరసాపురంలో మా బావగారి సైకిలు ఒకటి వాడకం లేక వసారాలో పడి ఉంది. యానాంలో చదువుకునే మేనల్లుడికి అది కావాలి. "లారీలో వేసి పంపిద్దాం" అన్నారు బావగారు. "మేమే తొక్కుకుంటూ తీసుకెళ్ళి ఇస్తాం" అన్నాం మేము. ఆయన నవ్వి ఊరుకున్నారు. సైకిలు ఒకటి, మేము నలుగురం. కాబట్టి ఒకరు తొక్కడం, మిగతా ముగ్గురు సామానుతో బస్సులో వెళ్ళి ముందు ఊళ్ళో దిగి కాచుకోవడం, అక్కడ చేతులు మారడం. గంటకు పది కిలోమీటర్లు మించకూడదని, ఎండెక్కాక ఎవరూ తొక్కకూడదని నియమం పెట్టుకున్నాం. నేలంతా చదును గనుక పదమూడేళ్ళ అమ్మాయికీ కష్టమనిపించలేదు.

మొదటి ఉదయం నరసాపురం వైపు రేవులో పంటు ఎక్కాం. పంటు అంటే బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, అన్నీ ఒకే బల్ల మీద. మా సైకిలుకు స్టాండు వేసి హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాం. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. ఏరు దాటే సమయం కంటే పంటు రావడానికి కాచుకున్న సమయమే ఎక్కువ. ఆ కాచుకోవడంలోనే మాటలు కలిశాయి.

మేము కువైట్ నుంచి వచ్చామని తెలియగానే ఒకావిడ దగ్గరకు వచ్చింది. "కువైట్టా అండీ? మా చెల్లి జహ్రాలో ఉంటందండి. ఇంటిపని. రెండేళ్ళయింది చూసి. ఎక్కడన్నా కనపడితే అమ్మ కులాసాగా ఉందని చెబుతారా అండీ?" అంది. కువైట్ అంటే ఒక వీధి అన్నంత దగ్గరగా ఆమెకు తోచింది. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్ళు 20 నంబరు వీసా మీద ఇక్కడి ఇళ్ళలో పనికి వస్తారని మనందరికీ తెలుసు. కానీ వారు వదిలి వచ్చిన రేవు ఎలా ఉంటుందో, అక్కడ ఎవరు ఎదురుచూస్తుంటారో పిల్లలు చూడటం ఇదే మొదలు. "నాన్నా, మనం విమానం ఎక్కిన చోటు నుంచే ఆవిడ చెల్లీ ఎక్కింది కదా!" అన్నాడు చిన్నవాడు. దానికి మేము వేరే వ్యాఖ్యానం చేయలేదు.

ఆనాడు అంతర్వేది చేరి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట సాయంత్రం గడిపాం. మర్నాడు రాజోలు మీదుగా పాశర్లపూడి వైపు సాగాం. దారి పొడవునా కొబ్బరితోటలు, దాళ్వా నాట్లు, కాలవ గట్ల మీద బట్టలుతికే వాళ్ళు. ఈ కాలవలకు మూలం 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట.

పాశర్లపూడి పేరు మన అహ్మది వారికి చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న అక్కడి ఓ.ఎన్.జి.సి. బావి పేలి, 65 రోజుల పాటు మంట ఆరలేదు. 1991లో మన గుట్ట కిందనే బుర్గాన్‌తో సహా ఆరువందలకు పైగా బావులు తగలబడి, చివరిది నవంబరు 6న ఆరింది. రెండు చోట్లా నేల కింద సంపద, నేల మీద భయం. పక్కనే ఉన్న నగరంలో 2014 జూన్ 27న గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ మాట తలచుకుంటూనే బోడసకుర్రు వంతెన మీద వైనతేయం దాటాం.

అమలాపురంలో ఒక పూట విశ్రాంతి. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్న తరువాత పిల్లలు మామూలు ఇడ్లీని చిన్నచూపు చూస్తున్నారు! భోజనం పెట్టిన ఇంటి పెద్దాయన 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి చెప్పారు. వెయ్యి మందికి పైగా పోయిన రాత్రి అది. "మనుషులకు మనుషులు, చెట్లకు చెట్లు పోయాయండీ. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అందాకా ఏం తినాలి? మా వాళ్ళు గల్ఫు దారి పట్టారు" అన్నారు.

నాలుగో రోజు ముమ్మిడివరం మీదుగా ఐ. పోలవరం దీవి దాటి ఎదుర్లంక చేరాం. అక్కడ గౌతమి మీద 2002లో బాలయోగి పేరిట వారధి వచ్చింది. అంతకుముందు అక్కడా పంటే. వంతెన నడుమ సైకిలు ఆపి ఏరు చూశాం. ఎవరూ పలకరించలేదు, ఎవరికీ తీరిక లేదు. పంటు మీద ఉన్న ముచ్చట ఇక్కడ లేదే అని మాలో ఒకరు అన్నారు. ఆ మాట యానాంలో మేనల్లుడి దగ్గర అంటే అతడు ఒప్పుకోలేదు. "అత్తయ్యా, రాత్రి పూట పురిటి నొప్పులు వస్తే పంటు కోసం ఎదురుచూడటం ముచ్చట కాదు" అన్నాడు. నిజమే. 2022 జూలై వరదలో లంక గ్రామాలు ఎలా మునిగాయో మనం టీవీలో చూశాం. వరద వస్తే పంటు ఆగిపోతుంది. రేవులో మనకు విహారంగా తోచిన నిదానం అక్కడివారికి రోజూ పడే ఇబ్బంది. వారు వంతెన కోరుకోవడం న్యాయం. ఊళ్ళోనే బతకడం కష్టమైతే దీవి ఎలా ఖాళీ అవుతుందో చూడటానికి ప్రతిచోటా యుద్ధమే రానక్కరలేదు.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువైనవి. వర్షాకాలంలో పంటు మీద ఆశ పెట్టుకోవద్దు. సామాను ఒక్కొక్కరికి ఒక చేతిసంచి మించకూడదు. పల్లెవెలుగు బస్సులో సైకిలు ఎక్కదు గనుక మాలాగే వంతులు వేసుకోవడం మేలు. సైకిలు పంపు, పంక్చరు సామాను దగ్గర ఉంచుకోండి. యానాం నుంచి కాకినాడకు బస్సులుంటాయి, అక్కడ రైలు దొరుకుతుంది. వేళ కుదిరితే ముక్తేశ్వరం, కోటిపల్లి రేవు కూడా చూడండి.

రేవులో ఎవరైనా కువైట్‌లోని తమవారి గురించి అడిగితే ఆ పేరు, ఏరియా రాసుకుని తీసుకురండి. మేము జహ్రా పేరుతో ఒకటి రాసుకొచ్చాం. ఆ వైపు ఉన్న మన సభ్యులు వాకబు చేస్తున్నారు.