నీళ్ల పక్కన రెండు రాత్రులు... ఇల్లు కంటే ముందు నీళ్లు చూడండి!

హోసూరు, కృష్ణగిరి:

సెలవులొస్తే చాలు... కుప్పం నుంచి అక్కావాళ్లు, చిత్తూరు నుంచి మేనత్త పిల్లలు దిగుతారు. ఒకరోజు చంద్రచూడేశ్వరుడి కొండ, ఇంకోరోజు బెంగళూరులో బట్టల కొట్లు. మూడోనాడు పొద్దున్నే మొదలవుతుంది పాట. "బావా, మీ ఊరి దగ్గర నీళ్లున్న చోటు ఏదైనా ఉందా? రెండు రాత్రులు ఉండేలా ఇల్లొకటి చూడు, అందరం పోదాం" అని. బావగారు ఫోను తీస్తాడు. నీలంగా మెరిసే నీళ్లు, ఒడ్డున పెంకుల కప్పు, ముందు ఊయల. అంత అందమైన బొమ్మ చూశాక ఆగేదెవరు? అడ్వాన్సు పంపేస్తాడు.

వెళ్లాక కదా తెలిసేది! ఆ ఊయలలో కూర్చుంటే ముక్కు మూసుకోవాలని. లేదంటే ఆ బొమ్మ కార్తీకంలో తీసింది, మనం వెళ్లింది వైశాఖంలో, ఒడ్డు నుంచి నీళ్ల దాకా నడిస్తే పావుగంట బురదేనని!

మన జిల్లాలోనూ, చుట్టుపక్కలా నీళ్ల ఒడ్డున ఉండదగ్గ చోట్లు ఉన్నాయి. కానీ అన్ని నీళ్లూ ఒకటి కాదు. ఏ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఎప్పుడు పెరుగుతాయో తెలుసుకుని ఇల్లు తీసుకున్నవాళ్లు సుఖపడతారు. మంచాలు, ఏసీ, టీవీ చూసి తీసుకున్నవాళ్లు మంచాలు, ఏసీ, టీవీతోనే గడిపి వస్తారు.

కెలవరపల్లి: చూడొచ్చు, ఉండలేం

హోసూరుకు అన్నిటికంటే దగ్గర కెలవరపల్లి డ్యాం. టౌను నుంచి పది కిలోమీటర్ల లోపే. పొలాల మధ్య పెద్ద నీటిపట్టు. దూరం నుంచి చూస్తే ఇక్కడే ఒక ఇల్లు తీసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

ఈ నీళ్లు దక్షిణ పినాకినివి. నెల్లూరు దాకా పోయే మన పెన్న, ఈ దక్షిణ పినాకిని రెండూ నంది కొండల దగ్గర పుట్టిన అక్కచెల్లెళ్లే. ఒకటి అనంతపురం, కడపల మీదుగా తెలుగు నేలకు పోయింది. రెండోది మన హోసూరుకు వచ్చి, తమిళంలో తెన్‌పెణ్ణై అయి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అయితే దారిలో బెంగళూరు ఉంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల నుంచి దిగే మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు ఇందులోనే కలుస్తాయి. బట్టల సబ్బు, డిటర్జెంటు కలిసిన నీళ్లు షట్టర్ల మీద నుంచి పడేసరికి మజ్జిగ చిలికినట్టు నురుగు లేస్తుంది. వానాకాలంలో ఆ తెల్లటి నురుగు రోడ్ల మీదికి ఎక్కి రాకపోకలు ఆగిన రోజులూ ఉన్నాయి. పిల్లలకు అది మంచులా కనిపిస్తుంది, దాంట్లోకి పరిగెడతారు. అక్కడే జాగ్రత్త. ఒంటికి తగిలితే దురద, ముక్కుకు ఘాటు.

కాబట్టి నీటి అంచున ఇల్లని ఎవరైనా చెప్తే సాయంత్రంపూట ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. గాలి నీటి మీద నుంచి ఇంటివైపు వీస్తుందా, ఇంటి మీద నుంచి నీటివైపు వీస్తుందా... అంతే, అదే తేల్చేస్తుంది.

కేఆర్‌పీ డ్యాం: పగటికి సై, రాత్రికి టౌను

కృష్ణగిరి వాళ్లకు కేఆర్‌పీ డ్యాం గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. బయటి చుట్టాలు మాత్రం మైసూరు దగ్గరి కేఆర్‌ఎస్‌ అనుకుని బృందావన్‌ గార్డెన్స్‌ ఏవని అడుగుతుంటారు! అది వేరు, ఇది వేరు. ఇది కామరాజ్‌ ముఖ్యమంత్రిగా ఉన్న 1950ల నాటి కట్టడం. పూర్తి ఎత్తు 52 అడుగులు. కుడి, ఎడమ కాలువల కింద సుమారు తొమ్మిది వేల ఎకరాలకు నీరు పారుతుంది. కింద పార్కు, చెట్ల నీడ, పిల్లలాడుకునే చోటు. ఇక డ్యాం దగ్గర చేపల వేపుడు... దాని కోసమే బండి కట్టుకుని వచ్చేవాళ్లున్నారు. ఆడి పద్దెనిమిదికైతే ఇసుకేస్తే రాలనంత జనం.

నది అదే నది. కెలవరపల్లి నుంచి ఇంత దూరం వచ్చేసరికి నురుగు తగ్గుతుంది గానీ నీళ్లు మాత్రం అవే. అందుకని స్నానాల సంగతి మరిచిపోండి. ఇంకో మాట. పైన వానలు పడితే డ్యాం షట్టర్లు ఎత్తుతారు. పార్కు వైపు నేలవంతెన మునుగుతుంది, దారి మూసేస్తారు. కృష్ణగిరి నుంచి కడలూరు దాకా ఐదు జిల్లాల నదీతీర గ్రామాలకు హెచ్చరిక పోతుంది. 2017 నవంబరులో ఇక్కడి షట్టరొకటి విరిగిపోయి నిల్వ నీరు బయటికి పోయింది కూడా. డ్యాం దిగువన నది గట్టు మీద ఎవరైనా తోట ఇల్లు చూపిస్తే, ఎంత చవగ్గా ఇచ్చినా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దనే చెప్పాలి. పగలంతా డ్యాం దగ్గర గడిపి, రాత్రికి టౌనుకు వచ్చి పడుకుంటే మేలు. పది కిలోమీటర్లే కదా.

చెరువు మనకే కాదు, ఏనుగుకూ కావాలి

ఈమధ్య డెంకణీకోట, తళి వైపు చెరువు పక్కన తోట ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు పెరిగారు. చల్లటి ఊళ్లు, గులాబీ తోటలు, వెనక అడవి. తళిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండు అనేవారట, ఆ చలిని చూసి. ఒప్పుకోవాల్సిందే, నిజంగా బాగుంటుంది.

కానీ అది ఏనుగుల దారి. బన్నేరుఘట్ట నుంచి తళి, జవళగిరి అడవుల మీదుగా ఏటా గుంపులు దిగుతాయి. 2014లో ఇక్కడి అడవిని కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. రాగి చేలు పండే అక్టోబరు, నవంబరు మొదలు సంక్రాంతి దాకా వాటి రాక ఎక్కువ. పగలు అడవిలో ఉండి, చీకటి పడ్డాక చేలకు, చెరువులకు దిగుతాయి. ఆ వేళకే మనవాళ్లు చెరువు గట్టున మంట వేసి పాటలు పెడతారు!

ఆ వైపు ఇల్లు తీసుకుంటే యజమానిని కాదు, పక్క చేలో రైతును అడగండి. "ఈ నెలలో దిగినాయా అన్నా?" అంటే చాలు, ఏ దిక్కు నుంచి వస్తాయో, ఎన్ని గంటలకు వస్తాయో వాళ్లే చెప్తారు. దిగినాయంటే తేదీ మార్చుకోవడమే. వేసవిలో పోతే ఈ బెడద కొంత తక్కువ, కానీ అప్పుడు చెరువులో నీళ్లూ తక్కువే. రెండూ కావాలంటే కుదరదు మరి.

హొగెనకల్‌: కావేరి ఒప్పుకుంటేనే

నీళ్లంటే హొగెనకల్లే అనేవాళ్లు చాలామంది. ధర్మపురి జిల్లా, పెన్నాగరం దాటి దిగాలి. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. పొగలు కక్కే రాళ్ల మధ్య కావేరి. నూనె మర్దనం, వేయించిన చేపలు, పుట్టిలో షికారు. తమిళంలో పరిసల్‌ అంటారు గానీ మన పుట్టే అది. 'రోజా' సినిమా పాటలో చూసింది ఈ నీళ్లనే.

అక్కడ రెండు రాత్రులకు గది తీసుకునే ముందు ఒక్క సంగతి చూడాలి, నీటి లెక్క. కర్ణాటకలో కబిని, కేఆర్‌ఎస్‌ నిండి నీళ్లు వదిలితే అవి బిలిగుండ్లు దాటి ఇక్కడికొస్తాయి. బిలిగుండ్లు దగ్గర కొలత రోజూ పేపర్లో వస్తుంది. ప్రవాహం మితిమీరితే జిల్లా యంత్రాంగం పుట్టిలను ఆపేస్తుంది, స్నానాలూ బంద్‌. జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా ఇది ఏ రోజైనా జరగొచ్చు. నిషేధం ఉన్నప్పుడు వెళ్తే దూరం నుంచి హోరు వినడం, గదిలో కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. గది డబ్బులు తిరిగివ్వరు. పుట్టి ఎక్కే రోజునైతే లైఫ్‌ జాకెట్టు వేసుకోండి. ఫోటో కోసం విప్పకండి.

పిల్లలు, పెద్దలు ఉంటే ఏలగిరి

అమ్మమ్మ, చంటిబిడ్డ, ఇద్దరు అల్లరి పిల్లలు... ఇలాంటి కుటుంబానికి ఈ చుట్టుపక్కల మొదట ఏలగిరినే చెప్పాలి. ఒకప్పుడు వేలూరు జిల్లా, 2019 నుంచి తిరుపత్తూరు జిల్లా. కృష్ణగిరి నుంచి బర్గూరు, నాట్రంపల్లి మీదుగా వెళ్లొచ్చు. పొన్నేరి దగ్గర మొదలయ్యే ఘాట్‌లో పద్నాలుగు మలుపులు, ఒక్కో మలుపుకూ తమిళ కవులు, దాతల పేర్లు. వాంతులయ్యే పిల్లలుంటే ఖాళీ కడుపుతో ఎక్కించకండి, నిండు కడుపుతోనూ వద్దు. రెండు ఇడ్లీలతో సరి.

పైన సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల మీద పుంగనూరు చెరువు. మన చిత్తూరు వైపు పుంగనూరు కాదు లెండి, పేరు కలిసింది! ఇది తవ్వి కట్టిన చెరువు. నదీ లేదు, పై రాష్ట్రం నుంచి వదిలే నీళ్లూ లేవు. రాత్రికి రాత్రి పెరగదు. పడవలు నడిపేవాళ్లున్నారు, పక్కనే పార్కు ఉంది, చుట్టూ నడిచే దారి ఉంది. ఇళ్లు, కాటేజీలు ఏ ధరకు ఆ ధర దొరుకుతాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. శని, ఆదివారాల్లో బెంగళూరు, చెన్నై బళ్లతో కిటకిట. రేటూ అప్పుడే పెంచుతారు. సోమవారం ఎక్కి బుధవారం దిగితే డబ్బూ మిగులుతుంది, చెరువూ మీదే. కోతులుంటాయి, కిటికీలు వేసుకోవాలి. వేసవిలో ఇంటికి నీళ్లు బోరు నుంచా, ట్యాంకరు నుంచా అని ముందే అడగాలి. చెరువు ఎదురుగా ఉండి కొళాయిలో నీళ్లు లేకపోతే అమ్మమ్మ ఊరుకోదు!

ఊటీ, కొడైకెనాల్‌ సరస్సులే కావాలని పట్టుబడితే, 2024 మే నుంచి అక్కడికి వెళ్లే బళ్లకు ఈ-పాస్‌ ఉండాలని గుర్తుపెట్టుకోండి. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద పెట్టింది.

అడ్వాన్సు పంపే ముందు

2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్‌ తుపాను మన ఊత్తంగరైని ఏం చేసిందో అందరికీ తెలుసు. ఒక్కరోజులో 50 సెంటీమీటర్ల వాన. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన వ్యాన్లు, కార్లు కొట్టుకుపోయాయి. అక్కడ నిలిపినవాళ్లెవరికీ అది నీటి దారి అని తోచలేదు. చెరువు పక్కన ఇల్లు తీసుకునేటప్పుడు మొదట అడగాల్సింది ఇదే, మరవ ఎక్కడ? మరవ నీళ్లు ఏ వాగులో పోతాయి? ఇల్లు కట్టకు పైన ఉందా, కింద ఉందా? గట్టు మీద పశువులు మేపే తాతకు ఇవన్నీ తెలుసు. యజమానికి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు.

రెండోది, ఇంటికీ నీటికీ మధ్య కంచె, తాళం వేసే గేటు ఉందా అని. సెలవుల్లో చెరువుల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు మునిగిన వార్త రాయని ఏడాది ఈ పేజీకి లేదు. ఒడ్డు మెల్లగా వాలుతుందా, ఒక్కసారిగా లోతా? మన చెరువుల్లో మట్టి తోడిన గుంతలుంటాయి, నీళ్లు నిండితే పైకి కనిపించవు. పిల్లల వంతు ఒక్కో పూట ఒక్కో పెద్దవాళ్లకు అప్పగించండి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడనట్టే.

బొమ్మలు ఎప్పటివో కనుక్కోవడం కష్టమేం కాదు. "ఇప్పుడే వరండాలో నిలబడి నీళ్ల వైపు ఒక వీడియో తీసి పంపండి" అని అడగండి. పంపితే సరే. "రేపు పంపుతా సార్‌" అని రెండు రోజులు గడిపితే ఇంకో ఇల్లు చూసుకోండి. వాన, వరద, నిషేధం వస్తే డబ్బు తిరిగిస్తారా లేదా అన్నది మెసేజీలో రాయించుకోండి, నోటి మాట వద్దు.

ఎలా వెళ్లాలంటే... హోసూరు నుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు, బస్సులు ఎప్పుడూ ఉంటాయి. కృష్ణగిరి టౌనుకు రైలు లేదు. ఏలగిరికి కుప్పం చుట్టాలు రైల్లో నేరుగా జోలార్‌పేట దిగిపోతే అక్కడి నుంచి కొండకు బస్సు, ఆటో దొరుకుతాయి. మీరు హోసూరు నుంచి కారులో వెళ్లి వాళ్లను పొన్నేరి దగ్గర కలుసుకోవచ్చు. ఘాట్‌ మాత్రం చీకటి పడకముందే ఎక్కేయండి.