గ్రాములో దాగిన బలము

కావడి మోయువాడు రెండు కడవలలోను నీటిని సమముగా నింపుకొనును. ఒక కడవ బరువై రెండవది తేలికయైనచో కావడిబద్ద ఒకవైపునకు ఒరగును, భుజము నొచ్చును, నీరు త్రోవ పొడవునను తొణకును. మోటారుకారు ఇంజనునకును ఇట్టి సమతూకమే ఆవశ్యకము. అయితే ఇంజను భాగములు మనిషి నడకవలె గాక మహావేగముతో కదలును. కనుక అచ్చట ఒక్క గ్రాము బరువును గూడ ఉపేక్షింపరాదు.

ఇంజనులో సిలిండరు అను గుండ్రని గొట్టము గలదు. అందు పిస్టను మీదికిని క్రిందికిని కదలుచుండును. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి మండినపుడు పుట్టు ఒత్తిడి పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టనునకు కనెక్టింగ్ రాడ్ అను కడ్డీ తగిలింపబడి యుండును. దాని చిన్న కొన ఒక పిన్నుతో పిస్టనునకును, పెద్ద కొన క్రాంక్ షాఫ్టు అను వంకర ఇరుసునకును కూర్పబడును. పిస్టను రాకపోకలు ఈ కడ్డీ మూలముననే ఇరుసు తిరుగుడుగా మారుచున్నవి.

మన దేశమున బహుకాలము ప్రసిద్ధి వహించిన అంబాసిడర్ కారును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇది పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1957 మొదలు 2014 వరకు తయారైనది. చాలకాలము దీనిలో అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు వరుసగా నుండెను. పిస్టను పైనుండి క్రిందికి నడచు దూరము 88.9 మిల్లీమీటర్లు. ఇరుసు నిమిషమునకు 4000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క పిస్టను సెకనుకు సుమారు 133 పర్యాయములు ఆగి వెనుకకు మరలవలెను.

ఒడిసెలలోని చిన్నరాయి, వేగము హెచ్చినకొలది చేతిని బలముగా లాగుట తెలిసినదే. పైకి చేరిన పిస్టనును అట్లే ఇంకను పైకే పోజూచును. కడ్డీ దానిని పట్టి క్రిందికి మరల్చవలెను. లెక్కించినచో, పైన చెప్పిన వేగమున, పిస్టనులోని ప్రతి గ్రామునకును ఆ క్షణమున సుమారు ఒక కిలోగ్రాము బరువునకు సమానమైన లాగుడు కలుగును. అనగా ఒక పిస్టను 10 గ్రాములు హెచ్చైనచో 10 కిలోల అదనపు లాగుడు! వేగము రెట్టింపైనచో ఇది నాలుగు రెట్లగును.

మొదటి, నాల్గవ పిస్టనులు పైకేగునపుడు రెండవదియు మూడవదియు క్రిందికి దిగును. తూకము సమమైనచో వాని బలములు ఒకదానినొకటి చాలవరకు అణచుకొనును. అసమమైనచో మిగిలిన బలము ఇంజనును వణకించును. బేరింగులు త్వరగా అరుగును. బరువైన పిస్టను తన కడ్డీ బోల్టులను ఎక్కువగా లాగును. బోల్టు తెగినచో కడ్డీ ఇంజను గోడను చీల్చుకొని వెలికి రాగలదు. పరుగిడు బండిలోని వారికి అది అపాయకరము.

కావున నేర్పరియైన మెకానిక్కు ఇంజనును కూర్చుటకు ముందు త్రాసు చేపట్టును. పిస్టనులను పిన్నులతో సహా తూచి, అన్నిటికంటె తేలికైన దానిని ప్రమాణముగా గైకొనును. ఏలయన లోహమును తీసివేయుట సులభము. చేర్చుట సాధ్యము కాదు. తక్కిన పిస్టనులలో హెచ్చు బరువును లోపలి మందమైన చోటులనుండి మాత్రమే కొంచెము కొంచెముగా తొలగించును. మంట తగులు పైభాగమును, రింగులు కూర్చుండు గాడులను ముట్టడు.

కడ్డీల విషయమున మొత్తము బరువు సమమైన చాలదు. ఒక కావడిలో ఇరువైపుల 10 కిలోల చొప్పునను, వేరొక దానిలో ఒకవైపు 15, రెండవవైపు 5 కిలోలును ఉన్నవనుకొన్నచో, మొత్తము రెండింటను 20 కిలోలే. అయినను రెండవ కావడి ఒరగక మానదు. కడ్డీ పెద్ద కొన ఇరుసుతో చుట్టు తిరుగును. చిన్న కొన పిస్టనుతో మీదికిని క్రిందికిని పోవును. రెండును చేయు పని వేరు. అందుచే కడ్డీని మట్టముగా నుంచి, ఒక కొనను ఆధారముపై నిలిపి, రెండవ కొనను త్రాసుపై నుంచి, కొనలను వేరువేరుగా తూచుదురు. పెద్ద కొనలన్నియు తమలో తాము, చిన్న కొనలన్నియు తమలో తాము సమము కావలెను. చిన్న కొనయు పిస్టనును కలిసి కదలును గనుక, బరువైన పిస్టనునకు తేలికైన చిన్న కొనగల కడ్డీని జత కూర్చి, అరగదీయు శ్రమను తగ్గించుకొనవచ్చును.

మరియొక జాగ్రత్త గలదు. పెద్ద కొనకు విడదీయదగిన మూత యుండును. కడ్డీని, మూతను బిగించియే రంధ్రము తొలుతురు. కాబట్టి ఒకదాని మూత వేరొకదానికి సరిపడదు. విప్పునపుడే రెండింటిపై ఒకే అంకెను గుర్తించి యుంచవలెను. అరగదీసిన చోట గీతలు లేకుండ నునుపు చేయవలెను. లోతైన గీతయే పగులునకు మొదలు కావచ్చును.

ఇంజను మూసిన పిమ్మట ఈ శ్రమ యెవ్వరికిని కానరాదు. బండి వణకక, నిమ్మళముగా సాగిపోవుటయే దానికి సాక్ష్యము.