డిస్కులో దాగిన చలనచిత్రము

భారతదేశములో మొదటి మాటల చిత్రమైన ‘ఆలం ఆరా’ 1931 మార్చిలో బొంబాయిలో విడుదలైనది. నాడు దానిని చూచుటకు జనము విరగబడిరి. నేడు చూడదలచిన వారికి ఒక్క రీలు కూడ దొరకదు. ఆ చిత్రము ప్రతి ఏదియు ఇంతవరకు లభింపలేదు. కొన్ని నిశ్చల ఛాయాచిత్రములు, ప్రకటన పత్రములు మాత్రము మిగిలినవి. ఒక కావ్యము నశించుటకు శతాబ్దములు పట్టవచ్చును. ఒక చలనచిత్రము నశించుటకు ఒక మనిషి జీవితకాలము చాలును.

దీనికి మొదటి కారణము ఫిల్ము తయారైన పదార్థమే. 1950 ప్రాంతము వరకు సినిమా ఫిల్మును నైట్రో సెల్యులోజుతో చేసెడివారు. ఆ పదార్థములోనే ఆక్సిజను ఇమిడి యున్నందున, ఒకసారి అంటుకొనినచో నీటిలో ముంచినను ఆరదు. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము అంత తేలికగా మండదు. కాని వేడికి, తేమకు అది విఘటనము చెంది ఎసిటిక్ ఆమ్లమును విడుచును. అట్టి ఫిల్ము డబ్బా మూత తీసినంతనే వెనిగరు వాసన కొట్టును. ఒక రీలులో పుట్టిన ఆమ్లము పక్కనున్న రీళ్లను కూడ చెరచును.

ఈ పరిస్థితిలో పాత మేటి చిత్రములను, కొద్దిమంది అభిమానుల పట్టుదల వలన నిలిచిన అరుదైన చిత్రములను డి.వి.డి., బ్లూరే డిస్కుల రూపములో సేకరించి దాచుకొనువారు ప్రపంచమంతట కలరు. ఇది ఒక వినోదము మాత్రమేనా, లేక చిత్రములను భద్రపరచుటలో దీనికి నిజమైన స్థానము కలదా? డిస్కు ఎట్లు పనిచేయునో, దానిలో ఏమి ఉండునో, ఏమి ఉండదో తెలిసికొనిన గాని ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేము.

బూడిద నుండి బయటపడిన చిత్రములు

సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ (1955), ‘అపరాజితో’ (1956), ‘అపుర్ సంసార్’ (1959) అను మూడు చిత్రములు ‘అపు చిత్రత్రయము’గా ప్రసిద్ధములు. 1993లో లండనులోని ఒక ఫిల్ము ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదములో వీటి మూల నెగటివులు కాలినవి. కాలగా మిగిలిన ముక్కలను పారవేయక అమెరికాకు పంపి అక్కడి చలనచిత్ర అకాడమీ భాండాగారములో దాచిరి. ఇరువది ఏండ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నగరములో నిపుణులు ఆ ముక్కలను చేపట్టిరి. పెళుసెక్కిన ఫిల్మునకు తిరిగి తేమ ఎక్కించి, చిరిగిన అంచులను చేతితో అతికి, ఒక్కొక్క చట్రమును స్కాను చేసిరి. ‘పథేర్ పాంచాలి’ నెగటివులో సుమారు 40 శాతము, ‘అపరాజితో’ నెగటివులో 60 శాతమునకు పైగా పనికివచ్చినవి. ‘అపుర్ సంసార్’ నెగటివు పనికిరాలేదు. లోపించిన భాగములను ఇతర దేశముల భాండాగారములలో నున్న నకళ్ల నుండి పూరించిరి. ఇట్లు పునరుద్ధరింపబడిన చిత్రములు 2015లో బ్లూరే డిస్కులుగా వెలువడినవి.

ఈ పని తెలుగువారికి కొత్త కాదు. 19వ శతాబ్దములో సి. పి. బ్రౌను ఒకే గ్రంథమునకు పలు తాళపత్ర ప్రతులను వేర్వేరు చోట్ల నుండి తెప్పించి, పండితులచేత పోల్చిచూపించి శుద్ధప్రతులను వ్రాయించెను. రెండు చోట్లను పని జరుగుటకు కారణము ఒక్కటే: ప్రతులు ఒకటికి మించి, ఒకచోటికి మించి ఉండుట.

డిస్కు నిర్మాణము

డి.వి.డి., బ్లూరే రెండును 120 మిల్లీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలీకార్బొనేటు బిళ్లలు. కర్మాగారములో అచ్చువేసిన డిస్కు లోపల ఒక సర్పిలాకార బాట ఉండును. ఆ బాట పొడవునను చిన్న చిన్న గుంటలు, వాటి మధ్య చదునైన భాగములు ఉండును. దానిపై కాంతిని పరావర్తనము చేయుటకు పలుచని లోహపు పొర, సాధారణముగా అల్యూమినియము పొర ఉండును.

బాటపై పడిన లేజరు కాంతి చదునైన భాగము నుండి బలముగా తిరిగివచ్చును. గుంట లోతు డిస్కు పదార్థములో నుండు కాంతి తరంగ దైర్ఘ్యములో సుమారు నాలుగవ వంతు. అందువలన గుంట నుండి వచ్చిన కాంతికిని, పక్కనున్న చదును నుండి వచ్చిన కాంతికిని ప్రయాణములో సగము తరంగ దైర్ఘ్యము భేదము కలుగును. ఒకదాని శృంగము మరియొకదాని ద్రోణితో కలిసి, వ్యతికరణము వలన కాంతి మందగించును. గుంట మొదలగుచోటను, ముగియుచోటను వెలుగు మారును; ఆ మార్పు ‘1’. మార్పు లేనిచోటు ‘0’. చిత్రము, ధ్వని అంతయు ఈ రెండు గుర్తులే.

బాట చుట్ల మధ్య దూరము సి.డి.లో 1.6 మైక్రానులు, డి.వి.డి.లో 0.74, బ్లూరేలో 0.32. బాట డిస్కు కేంద్రము నుండి సుమారు 24 మి.మీ. వద్ద మొదలై 58 మి.మీ. వద్ద ముగియును. ఈ రెండు వృత్తముల మధ్య వైశాల్యమును చుట్ల మధ్య దూరముచే భాగించినచో బాట పొడవు వచ్చును. విద్యార్థులు లెక్క కట్టి చూచినచో డి.వి.డి.కి దాదాపు 11.8 కిలోమీటర్లు, బ్లూరేకు 27 కిలోమీటర్లు తేలును.

నీలికాంతి చేసిన మేలు

కటకము కాంతిని ఎంత చిన్న బిందువుగా కుదించగలదో రెండు విషయములపై ఆధారపడి యుండును: తరంగ దైర్ఘ్యము తగ్గినకొలది బిందువు చిన్నదగును, కటకము కాంతిని కేంద్రీకరించు కోణము వెడల్పైనకొలది బిందువు చిన్నదగును. డి.వి.డి. యంత్రములో 650 నానోమీటర్ల ఎర్రని కాంతి వాడుదురు. కోణమును తెలుపు సంఖ్య 0.60. బ్లూరేలో 405 నానోమీటర్ల నీలలోహిత కాంతి. ఆ సంఖ్య 0.85. తరంగ దైర్ఘ్యమును ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగించినచో బిందువు పరిమాణము డి.వి.డి.లో సుమారు 542, బ్లూరేలో 238 నానోమీటర్లు. వైశాల్యమును బట్టి చూచినచో ఒక బిందువు పట్టుచోట ఐదుకు పైగా బిందువులు పట్టును. ఒక పొర డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు, ఒక పొర బ్లూరేలో 25 గిగాబైట్లు పట్టుట ఈ లెక్కకు చక్కగా సరిపోవుచున్నది. గాలియము నైట్రైడుతో నీలికాంతి పరికరములు చేయుట సాధ్యమైన తరువాతనే బ్లూరే పుట్టినది.

దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. ఒక అట్టకు సన్నని రంధ్రము చేసి, పాత డిస్కుకు ఎదురుగా 10 సెంటీమీటర్ల దూరములో నిలిపి, రంధ్రము గుండా ఎర్ర లేజరు సూచికను డిస్కుపై లంబముగా వేయవలెను. డిస్కు బాటలు వివర్తన జాలకముగా పనిచేసి అట్టపై ఇరువైపుల చుక్కలను చూపును. కాంతి 650 నానోమీటర్లదైనచో, సి.డి.కి మొదటి చుక్క రంధ్రమునకు సుమారు 4.4 సెంటీమీటర్ల దూరములోను, డి.వి.డి.కి 18.4 సెంటీమీటర్ల దూరములోను పడును. బ్లూరేకు చుక్కయే ఉండదు. ఏలన, తరంగ దైర్ఘ్యము చుట్ల మధ్య దూరముకంటె పెద్దది. కోణము సైను విలువ 1కి మించజాలదు గదా! లేజరు కాంతి గాని, దాని ప్రతిఫలనము గాని ఎవరి కంటను పడకుండ ఉపాధ్యాయులు జాగ్రత్త వహింపవలెను.

గీతలు పడినను చిత్రము ఆగదేల?

ఒక విద్యార్థికి మూడు పాఠములలో 62, 75, 48 మార్కులు వచ్చినవనుకొందము. మొత్తము 185 కూడ వ్రాసి యుంచినచో, మధ్య సంఖ్య చెరిగిపోయినను తీసివేతతో 75 అని కనుగొనవచ్చును. ఇట్టి అదనపు సంఖ్యలనే మరింత నేర్పుగా చేర్చు పద్ధతిని 1960లో రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు ప్రకటించిరి. డిస్కులలో వాడునది ఆ పద్ధతియే. పైగా వరుసగా రావలసిన సంఖ్యలను బాటపై దూరదూరముగా చెదరగొట్టుదురు. ఒక గీత వలన ఒకచోటి సంఖ్యలు పోయినను, అవి వేర్వేరు సమూహములకు చెందినవి కనుక ప్రతి సమూహములోను కొద్దిపాటి లోపమే కలుగును.

అందువలననే డిస్కును తుడుచునపుడు మెత్తని గుడ్డతో కేంద్రము నుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో గీత బాట వెంబడి సాగి, దిద్దుబాటుకు అందని పొడవైన లోపము కలుగును.

డిస్కులో ఉండనిది

బ్లూరే చిత్రములో ఒక్కొక్క చట్రమునకు 1920 × 1080, అనగా 20,73,600 బిందువులు. ఒక్కొక్క బిందువునకు మూడు బైట్లు, సెకనుకు 24 చట్రములు అనుకొనినచో, రెండు గంటల రంగుల చిత్రమునకు సుమారు 1,07,500 కోట్ల బైట్లు కావలెను. రెండు పొరల బ్లూరేలో పట్టునది 5,000 కోట్లు మాత్రమే. కనుక చిత్రమును ఇరువదింట ఒక వంతునకు కుదింపవలసి వచ్చును. చట్రము చట్రమునకు మారని భాగములను మరల వ్రాయకుండుట, కంటికి తోచని సూక్ష్మభేదములను వదలుట మొదలగు ఉపాయములతో ఇది సాధ్యమగును. ఇట్లు వదలిన భాగము డిస్కు నుండి తిరిగిరాదు. కాబట్టి డిస్కు మూల నెగటివునకు బదులు కాదు.

ప్రతికిని ప్రతికిని మధ్య భేదములు కూడ సేకరించువారు గమనింపవలెను. ఫిల్ము సెకనుకు 24 చట్రములతో నడచును. పాల్ పద్ధతి డి.వి.డి.లలో తరచు దానిని 25 చట్రముల వేగముతో నడిపెదరు. అప్పుడు 125 నిమిషముల ‘పథేర్ పాంచాలి’ 120 నిమిషములకే ముగియును; ధ్వనిని సరిదిద్దనిచో పాట శ్రుతి కూడ కొంచెము హెచ్చును. నిడివి తగ్గినంత మాత్రమున చిత్రమును కత్తిరించిరని తలచరాదు. అట్లే నలుపు తెలుపులో తీసిన ‘మాయాబజార్’ (1957)కు రంగులద్ది 2010లో మరల విడుదల చేసిరి. మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో కూర్చిన రూపమును చూడగోరువారు నలుపు తెలుపు ప్రతినే వెదకవలెను.

డిస్కులకు ప్రాంత సంకేతములు కూడ కలవు. భారతదేశము డి.వి.డి.లకు 5వ ప్రాంతము, బ్లూరేకు ‘సి’ ప్రాంతము. అమెరికా కొరకు ‘ఎ’ సంకేతముతో చేసిన బ్లూరే ఇక్కడి యంత్రములో ఆడకపోవచ్చును. కొనుటకు ముందు పెట్టెపై సంకేతమును చూచుట మంచిది.

భద్రపరచు విధము

డిస్కునకు పెద్ద శత్రువులు వేడి, తేమ, ఎండ. పొరల అతుకు వదలి గాలి, తేమ లోపలికి చేరినచో అల్యూమినియము ఆక్సీకరణము చెంది మెరుపు కోల్పోవును. అప్పుడు లేజరు చదువలేదు. ఇంటిలో వ్రాసుకొను డిస్కులలో చాలవాటిలో గుంటలకు బదులు వర్ణకపు పొర ఉండును. అది వెలుతురుకు వెలసిపోవును. ఎక్కువ కాలము నిలుచుటకు అచ్చువేసిన డిస్కే మేలు.

డిస్కులను 4 నుండి 20 డిగ్రీల సెల్సియసు ఉష్ణోగ్రతలో, 20 నుండి 50 శాతము తేమలో దాచుట శ్రేష్ఠము. కాకినాడ, మచిలీపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఇది కష్టము. అయినను ఎండ తగలని బీరువాలో, బయటి గోడకు దూరముగా, మూత బిగువైన పెట్టెలో సిలికా జెల్ పొట్లములతో ఉంచినచో చాలవరకు మేలు కలుగును. డిస్కులను ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకముల వలె నిలువుగా నిలుపవలెను. వాటిపై కాగితపు చీటీలు అంటింపరాదు. ఏడాదికొకసారి ప్రతి డిస్కును ఆడించి చూచి, ఫలితమును తేదీతో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను.

ఒక చిక్కు మిగిలియున్నది. డిస్కు నిలిచినను, దానిని చదువు యంత్రము లేనిచో అది ఒట్టి ప్లాస్టిక్కు బిళ్లయే. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని ఆపివేసినది. చలనచిత్రముల డిస్కులు ఇంకను వెలువడుచున్నవి గాని, యంత్రములు చేయు సంస్థలు తగ్గినవి. కనుక సేకరించువారు యంత్రమును కూడ సేకరణలో భాగముగా భావించి కాపాడుకొనవలెను.

ఇంటర్నెట్టు ద్వారా చూపబడు చిత్రము హక్కుల గడువు తీరిన నాడు ఇంటింటి తెరపై నుండి ఒకేసారి తొలగిపోవచ్చును. వేయి ఇండ్లలో నున్న వేయి డిస్కులు ఒకేనాడు నశింపవు. నెగటివును కాపాడుట భాండాగారముల విధి. ఆ విధిని బీరువాలోని డిస్కు నెరవేర్చలేదు. కాని భాండాగారము కాలినను చిత్రము జనుల ఎదుట నిలుచుటకు ఆ డిస్కు తోడ్పడును. ‘ఆలం ఆరా’కు అట్టి ప్రతి ఒక్కటి ఎక్కడనో ఒక ఇంటిలో నిలిచియున్నచో, తొలి మాటల చిత్రపు ధ్వని నేటి విద్యార్థికి వినబడియుండెడిది.