ఉన్నత పాఠశాలలో యంత్రవిద్య

మీ యింటి రేడియో పెట్టె వెనుక బిగించిన మర యొకటి ఎచ్చటనో పడిపోయినదనుకొందము. బజారులో అదే కొలత గల మరను కొని తెచ్చి త్రిప్పినచో అది సరిగా బిగియును. ఆ మరను చేసినవాడు మీ రేడియోను చూడలేదు. రేడియోను చేసినవాడు ఆ మరను చూడలేదు. అయినను రెండును ఒకదానికొకటి ఎట్లు సరిపోయినవి? ఈ ప్రశ్నకు జవాబును పదునాలుగేండ్ల బాలబాలికలు తమ చేతులతో తామే కనుగొనునట్లు చేయుటయే ఉన్నత పాఠశాలలో యంత్రవిద్యకు గల ముఖ్యప్రయోజనమని నేను తలచుచున్నాను. ఉద్యోగము తరువాతి మాట.

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యాసంఘము డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1953లో నివేదిక సమర్పించినది. పై తరగతుల చదువును ఏడు శాఖలుగా విభజింపవలెనని అందు సూచించిరి. వానిలో సాంకేతిక శాఖ యొకటి. గణితము, రేఖాచిత్రణము, యంత్రశాస్త్ర ప్రాథమికాంశములు, విద్యుచ్ఛాస్త్ర ప్రాథమికాంశములు అందలి పాఠ్యములు. ఇట్లు పలు శాఖలు గల పాఠశాలలనే బహుళార్థసాధక పాఠశాలలనిరి. జనులు మాత్రము మల్టీపర్పస్ హైస్కూలనియే పిలిచెడివారు.

కర్మశాలలో మొదటి పాఠము పెద్ద యంత్రముతో ప్రారంభము కాదు, ఆకురాయితో ప్రారంభమగును. బల్లకు బిగించిన వైసులో ఒక ఉక్కుముక్కను పట్టించి, దాని ముఖమును చదునుగా రాకవలెను. వినుటకు సులభమే. తీరా రాకినచో ముక్క నడుమ ఎత్తుగను, అంచులు పల్లముగను తయారగును. మూలమట్టమును దానిపై నిలిపి వెలుతురునకు ఎత్తి చూచినచో, అంచుల సందులనుండి వెలుగు కనిపించి తప్పును బయటపెట్టును. ఆకురాయి ముందునకు సాగినకొలది ముందుచేతి ఒత్తిడి తగ్గి, వెనుకచేతి ఒత్తిడి పెరుగవలెను. లేనిచో అది తక్కెడ కాడవలె ఊగును. తరగతిలో తులాదండ సూత్రమును వల్లించి మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థికి ఆ సూత్రము తన మణికట్టులోనే పనిచేయుచున్నదని అప్పుడు తెలియును. ఆకురాయికి మొగమాటము లేదు; తప్పు చేసినది ఎవరి బిడ్డ యని అది చూడదు.

తరువాత కొలత. స్క్రూగేజీలోని మర ఒక చుట్టు తిరిగినచో అరమిల్లీమీటరు కదలును. ఆ చుట్టును 50 భాగములు చేసియున్నారు గనుక ఒక్కొక్క భాగము మిల్లీమీటరులో నూరవ వంతు. పిల్లలు మొదట తమ వెండ్రుకలనే కొలుచుకొందురు. అది వారికి గొప్ప వినోదము. చిన్న పెట్టెలకు బిగించు మూడు మిల్లీమీటర్ల సాధారణపు మరయును ఒక చుట్టునకు అరమిల్లీమీటరే సాగును. ఆ కొలతకు ప్రపంచమంతయు ఒప్పుకొన్నది గనుకనే బజారు మర మీ రేడియోకు సరిపోయినది.

ఇంతవరకు చేసినది చేతిపని. వస్తూత్పత్తి ఇక్కడనుండి మొదలగును. ఒక రేకునకు రెండు రంధ్రములు చేయుము అనినచో విద్యార్థి గీతలు గీసి, గురుతు కొట్టి చేయును. అట్టివి ఏబది చేయుము అనినచో ఏ రెండును సరిగా కలియవు. అప్పుడు ఉపాధ్యాయుడు జిగ్ అను సాధనమును చూపును. అది రంధ్రములు ముందే సరిగా చేసిన దళసరి పలక. దానిని రేకుపై బిగించి ఆ రంధ్రములగుండా బరమా దింపినచో ఏబదియు ఒక్కతీరున వచ్చును.

అంతకంటె లోతైన పాఠము మరొకటి కలదు. సరిగా 20 మిల్లీమీటర్ల కడ్డీని ఎవ్వరును చేయలేరు. ఎంతో కొంత తేడా తప్పదు. కనుక కడ్డీ 19.98కి తగ్గరాదు, 20.00కి మించరాదు, రంధ్రము 20.00కి తగ్గరాదు, 20.02కి మించరాదు అని చిత్రపటముమీద వ్రాయుదురు. ఈ హద్దులలో నున్న ఏ కడ్డీయైనను ఏ రంధ్రములోనైనను దూరును. తప్పును దాచుట కాదు, ఎంత తప్పు సహింపదగునో ముందుగా నిర్ణయించుకొనుట యిది.

ఇంతటి విద్య మన యొద్ద ఎందుకు వేరూనలేదు? నేర్పువారు కొరవడిరి. ఆ కొరత తీర్చుటకే 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరులలో ప్రాంతీయ విద్యాకళాశాలలు నెలకొల్పిరి. 1964-66 నాటి కొఠారి సంఘము పదవ తరగతి వరకు శాఖాభేదము వలదని, పని అనుభవము అందరికిని ఉండవలెనని చెప్పినది. 1990 నాటికి పై తరగతుల విద్యార్థులలో నూటికి పదిమందిని వృత్తివిద్యకు మళ్ళింపవలెనని 1986 విద్యావిధానము ఆశించినది. ఆ ఆశ నెరవేరలేదు. నిజము చెప్పవలెనన్న, మార్కులు రాని పిల్లవానిని పంపుచోటు కర్మశాలయని మన యిండ్లలోనే నిశ్చయించుకొంటిమి. తరతరములుగా కొలిమి యొకరిది, కలము మరొకరిది అని పంచుకొన్న సమాజమునకు ఆ నిశ్చయము వింతగా తోచలేదు. కమ్మరి కొడుకును, కరణము కూతురును ఒకే వైసు ముందు నిలుచుట చిన్న సంగతి కాదు.

2020 విద్యావిధానము ఆరవ తరగతినుండియే వృత్తిపరిచయము ఉండవలెనని, పుస్తకముల సంచి లేని పది దినములు పిల్లలు వడ్రంగి మొదలైన పనులు చేయువారియొద్ద గడుపవలెనని చెప్పినది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ లేబరేటరీ పథకములో ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయముండెను. అందు త్రీడీ ప్రింటరు ప్రధానాకర్షణ. మంచిదే. అయితే అది చేతి తప్పును కనబడనీయదు. దానిప్రక్కన నాలుగు వైసులును, ఒక పెట్టెడు ఆకురాళ్ళును ఉండవలెనని నేను కోరుదును.

మీ పిల్లల పాఠశాలలో అట్టి గది యున్నచో ఒకసారి వెళ్ళి చూడుడు. వైసు దవడలు పనిచేసి మెరయుచున్నవా, లేక త్రుప్పు పట్టినవా? బరమా యంత్రమునొద్ద నిలుచు పిల్లలకు కంటి అద్దములు గలవా? జడలు ముడివేసికొని, వదులు చేతులు మడచుకొనుమని చెప్పువారు గలరా? గదికి తాళము వేసియున్నచో, వారమునకు ఎన్ని గంటలు తెరతురో అడుగుడు.